మైసూరు మూడు రోజులు, అయిదుగురం, 20 వేలు: సరిపోతాయా?

పల్నాటి_పులిహోర:
అందరికీ నమస్తే. మేముండేది మారతహళ్ళి. నరసరావుపేట నుంచి అమ్మా నాన్నా వచ్చారు, నెల రోజులుంటారు. వచ్చి పది రోజులైంది, ఈ పది రోజుల్లో వాళ్ళు చూసిన బెంగళూరు అంటే మా అపార్ట్‌మెంట్ పార్కు, సందు చివర కూరగాయల బండి, ఒక ఆదివారం లాల్‌బాగ్, అంతే. నాన్న పైకి ఏమీ అనరు గానీ నిన్న బాల్కనీలో కూర్చుని "ఇక్కణ్ణుంచి మైసూరు ఎంత దూరంరా" అన్నారు, ఊరికే అడిగినట్టు. ఆయన ఊరికే ఏదీ అడగరు.

సో వచ్చే ఆదివారం పొద్దున బయల్దేరి మంగళవారం రాత్రికి తిరిగొచ్చేద్దామని ప్లాన్. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ పాప, అమ్మ (మోకాళ్ళ నొప్పులు, మెట్లు కష్టం), నాన్న. బడ్జెట్ 20 వేలు, అంతకంటే పోతే వచ్చే నెల స్కూల్ ఫీజు దగ్గర ఇబ్బంది. ఆదివారం ప్యాలెస్, సోమవారం చాముండి కొండ, బృందావన్ గార్డెన్స్, మంగళవారం జూ చూసుకుని రిటర్న్, ఇదీ అనుకున్నది.

డౌట్స్ ఏంటంటే, క్యాబ్ మాట్లాడుకుని వెళ్ళాలా ట్రైనా, రూం ఎక్కడ తీసుకోవాలి, నాన్న తియ్య సాంబారు ముట్టరు కాబట్టి మన భోజనం ఎక్కడైనా దొరుకుతుందా, ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా ఊటీ కూడా కలిపేయొచ్చా. ఇంకోటి, అమ్మ ముందు రేటు చెప్తే తినదు. లాల్‌బాగ్ బయట కాఫీ నలభై అనేసరికి "నాకొద్దులే, పొద్దున తాగాగా" అనేసింది. అందుకని ఖర్చు తగ్గాలి, కానీ తగ్గిస్తున్నట్టు వాళ్ళకి కనిపించకూడదు. కాస్త అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మాజీ_ట్రైనీ:
బ్రో ముందు మీ ప్లాన్ కాగితం చింపేయండి 😀 మంగళవారం జూ సెలవు. పక్కనున్న కారంజి చెరువు కూడా మంగళవారం మూసేస్తారు. పాపని గేటు దాకా తీసుకెళ్ళి వెనక్కి తిప్పితే ఆ ఏడుపు బెంగళూరు దాకా వింటారు.

నేను ఇన్ఫోసిస్ ట్రైనింగ్‌కి మైసూరు క్యాంపస్‌లో కొన్ని నెలలున్నా, ప్రతి వీకెండ్ ఊరంతా తిరిగేవాళ్ళం, జేబులో డబ్బుల్లేకుండా మైసూరు ఎలా తిరగాలో ఆ టైములో నేర్చుకున్నదే. నాకు అర్థమైంది ఒకటే, మైసూరులో టికెట్లకి పెద్దగా పోదు, డబ్బంతా పోయేది ఆటోలకీ, ఆటోవాడు తీసుకెళ్ళిన చోటుకీ. కాబట్టి రూం ఎక్కడ అనేదే అసలు ప్రశ్న. గాంధీ స్క్వేర్, దొడ్డ గడియారం (పెద్ద క్లాక్ టవర్) చుట్టుపక్కల పాత లాడ్జీలు బోలెడు, అక్కడ దిగితే ప్యాలెస్, దేవరాజ మార్కెట్, సిటీ బస్టాండ్ అన్నీ నడిచే దూరం. ఆన్‌లైన్‌లో స్విమ్మింగ్ పూల్ ఫోటో పెట్టి చవగ్గా చూపించే హోటళ్ళు రింగ్ రోడ్డు దగ్గరుంటాయి, అక్కడ రూంలో మిగిలిన మూడొందలు ఆటోకి ఒక ట్రిప్పులో కట్టేస్తారు, పైగా అయిదుగురు ఒక ఆటోలో పట్టరు, అంటే రెండు ఆటోలు, డబుల్.

మీరు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ ఆదివారం వెళ్ళడం మాత్రం సూపర్. ఆదివారాలూ గవర్నమెంట్ సెలవు రోజులూ సాయంత్రం ఏడింటికి ప్యాలెస్‌కి లైట్లు వేస్తారు, దగ్గర దగ్గర లక్ష బల్బులు, అవి చూడ్డానికి టికెట్ లేదు. కానీ గంట కూడా ఉంచరు, ఆరున్నరకే లోపల ఉండండి. ఇంకో లాభం ఏంటంటే శనివారం రాత్రి రూములకి బెంగళూరు జనం కొట్టుకుంటారు, ఆదివారం సాయంత్రానికి అందరూ ఖాళీ చేసి పోతారు, అప్పుడు కౌంటర్ దగ్గర బేరం ఆడే ఛాన్స్ మీది. 24 గంటల చెక్ఔట్ ఉందా అని అడగండి, పాత లాడ్జీల్లో కొన్నిట్లో ఉంటుంది, మీకు సగం పూట కలిసొస్తుంది.

దసరా రోజుల్లో మాత్రం ఇవేవీ పనిచెయ్యవు, రేట్లు ఆకాశంలో ఉంటాయి.

హిందూపురం_పిల్లోడు:
ట్రైన్లో పోండన్నా, రెండో మాట ల్యా. మీ మారతహళ్ళి నుంచి కుందలహళ్ళి మెట్రో దగ్గరే కదా, పర్పుల్ లైన్ ఎక్కితే మారకుండా నేరుగా సంగొళ్ళి రాయణ్ణ రైల్వే స్టేషన్ స్టాప్ దగ్గర దిగొచ్చు. ఆడనుంచి మైసూరుకి పొద్దున్నించీ రైళ్ళు ఉండనే ఉండాయి, సెకండ్ సిట్టింగ్ మనిషికి వంద అటూ ఇటూ. వందేభారత్ రెండు గంటల్లో పోతాది గానీ ఆ డబ్బుకి మీ ఇంటిల్లిపాదీ ఒక రోజు తినొచ్చు. నాయనకి సీనియర్ సిటిజన్ రాయితీ ఉంటాదని ఆశ పెట్టుకోవద్దు, 2020 మార్చిలో ఆపేసినారు, మళ్ళా ఇయ్యలేదు.

బస్సులో ఒక తిరకాసు ఉండాది. మీ ఆవిడకి కర్ణాటక అడ్రస్‌తో ఆధార్ ఉంటే శక్తి స్కీములో కేఎస్సార్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఫ్రీ, 2023 జూన్ నుంచి ఉండాదిది. అమ్మకి ఆంధ్రా ఆధార్ కాబట్టి టికెట్ తీసుకోవాల. ఐరావత్ లాంటి లగ్జరీ బస్సుల్లో ఎవురికీ ఫ్రీ ల్యా. మా పిన్నమ్మ హిందూపురం నుంచి వచ్చి "మా ఊర్లో మాకు ఫ్రీయేప్పా, ఈడ దుడ్డెందుకియ్యాల" అని కండక్టర్‌తో మద్దూరు దాకా కొట్లాడింది.

మద్దూరు అంటే గుర్తొచ్చె. ట్రైన్లో మద్దూరు వడ అమ్ముకుంటా వస్తారు, పాపకి కొనియ్యండి. ఉల్లిపాయ, రవ్వ, మైదా వేసి బిళ్ళలాగా చేసింటారు, మన గారె అనుకోని కొరికితే నిరాశే, అది అదే. అసలు ఆ వడ పుట్టిందే మద్దూరు స్టేషన్‌లో అంటారు. ఇప్పుడు కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్లో పోయేటోళ్ళకి బిడది తట్టె ఇడ్లీ, మద్దూరు వడ రెండూ తగలవు, ఊర్లన్నీ బైపాస్ అయిపాయె, పనిగట్టుకొని సర్వీస్ రోడ్డులోకి దిగల్ల. టోల్ రెండు చోట్ల కట్టేది వేరే.

ఊటీ మాట మర్చిపో అన్నా. మైసూరు నుంచి 125 కిలోమీటర్లు, బండీపుర అడవి, ఘాట్ రోడ్డు, పైగా 2024 మే నుంచి నీలగిరికి బండిలో పోవాలంటే ఈ-పాస్ తియ్యాల. మోకాళ్ళ నొప్పులున్న అమ్మని ఆ మలుపుల్లో కూర్చోపెట్టి ఒక్క రోజులో పోయి రావడం శిక్షే.

ఫ్రేజర్‌టౌన్_కోడలు:
అందరూ మంచివే చెప్తున్నారు కాబట్టి నేను మోసపోయింది చెప్తా. రెండేళ్ళ కిందట మా అత్తగారితో వెళ్ళాం. ప్యాలెస్ గేటు బయట ఒకాయన, నీటుగా షర్టు టక్ చేసుకుని, చక్కగా తెలుగులో పలకరించాడు, "ఏ ఊరమ్మా మనది" అని. తెనాలి అనగానే వాళ్ళ చిన్నమ్మది తెనాలే అన్నాడు. "ప్యాలెస్ ఇంకో గంటకి గానీ తెరవరు, ఈలోపు గవర్నమెంట్ సిల్క్ ఫ్యాక్టరీ చూసి రండి, ఇవాళ ఒక్కరోజే, మన ఆటో ఉంది, యాభై రూపాయలకే తిప్పుతాడు" అన్నాడు. యాభైకే కదా అని ఎక్కాం. అది గవర్నమెంటూ కాదు ఫ్యాక్టరీ కూడా కాదు, మేడ మీద ఒక షాపు. మగ్గం ఒకటి మూల పెట్టారు, దాని మీద దుమ్ము. కూల్‌డ్రింక్ ఇచ్చారు, ఇక కొనకుండా లేవడానికి మొహమాటం. అత్తగారు రెండు చీరలు తీసుకున్నారు, ఇంటికొచ్చి మా తోడికోడలు అంచు దారం కాల్చి చూస్తే ప్లాస్టిక్ కాలినట్టు ముద్దయిపోయింది. అక్కణ్ణుంచి అదే ఆటో ఒక అగరొత్తుల షాపు, ఒక గంధం నూనె షాపు. ప్యాలెస్‌కి చేరేసరికి మూడు. తర్వాత తెలిసింది ప్యాలెస్ పొద్దున పదింటికే తెరుస్తారని.

కాబట్టి చవగ్గా తిప్పుతా అన్న ఆటో ఎక్కకండి. వాడికి డబ్బులొచ్చేది మీ దగ్గర కాదు, ఆ షాపుల దగ్గర. స్టేషన్‌లో ప్రీపెయిడ్ ఆటో కౌంటర్ ఉంది, దిగగానే అక్కడే తీసుకోండి. చీర కొనాలనుంటే కేఎస్ఐసీ (కర్ణాటక ప్రభుత్వ సిల్క్ సంస్థ) వాళ్ళ సొంత షోరూంకే వెళ్ళండి, మైసూర్ సిల్క్ వాళ్ళదే, ఫిక్స్‌డ్ రేటు, ప్రతి చీరకీ నంబరు నేసి ఉంటుంది. అక్కడ చవగ్గా ఏమీ రాదు, మీ బడ్జెట్‌లో అసలు రాదు, చూసి రండి చాలు.

అమ్మగారి విషయం. మా అత్తగారిదీ సేమ్ ప్రాబ్లం, రేటు వింటే ఆకలి చచ్చిపోతుంది. నేను చేసేది ఏంటంటే మెనూ కార్డు ఆవిడ చేతికి వెళ్ళనివ్వను, బిల్లు నేను చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు కౌంటర్లో కట్టేస్తా. "ఎంతయిందే" అంటే "మీ అబ్బాయి కట్టాడు నాకు తెలీదు" అంటా. ఆయన్ని అడిగితే నా పేరు చెప్తాడు. ఆరేళ్ళుగా ఇలాగే నడుస్తోంది.

ఓరుగల్లు_బిడ్డ:
తిండి సంగతి నేను చెప్త. నాన్నకు మన భోజనం గావాలంటే గాంధీ స్క్వేర్ల ఆర్ఆర్ఆర్ అని హోటల్ ఉంటది, అరిటాకులో ఆంధ్ర మీల్స్, పప్పు, పచ్చడి, కారం గట్టిగనే ఉంటది. మధ్యాహ్నం ఒంటిగంటకు పోతే తినేటోళ్ళ కుర్చీ ఎనక నిలబడాలె, పన్నెండుంబావుకే పోండ్రి. నాన్ వెజ్ తింటరా మరి? తింటే మండి మొహల్లాల హనుమంతు హోటల్, మటన్ పులావ్, 1930 నుంచి నడుస్తున్నదట. చూస్తే చిన్న హోటలే, కనీ ఆ పులావ్ తిన్నంక బిర్యానీ గొప్పదని నేను కొన్ని రోజులు గట్టిగ చెప్పలేకపోయిన, వరంగల్ల పుట్టి గూడ.

పొద్దుగాల టిఫిన్‌కు నజర్‌బాద్‌ల మైలారి. ఒకే రోడ్డుమీద ఒకటికి రెండున్నయి, రెండూ మాదే అసలు అంటయి, జర జనం తక్కువున్న దాంట్ల కూసోండ్రి, నాకైతే తేడా తెల్వలే. దోశ మన లెక్క కరకర ఉండది, దూది లెక్క మెత్తగ, మీద వెన్న, లోపట సాగు అని కూరగాయల కూర. చిన్నగుంటది, ఒకటితోని కాదు, మనిషికి మూడు లెక్కేసుకోండ్రి, లేకుంటే బిల్లు చూసి పరేషానయితరు.

సాంబార్ల బెల్లం అంటరా, గది మాత్రం మీ నాన్న అలవాటు చేస్కోవాలె 😂 లేకుంటే చిన్న డబ్బాల మామిడికాయ పచ్చడి పట్టుకపోండ్రి, మా నాయన గట్లనే చేస్తడు, హోటలోళ్ళు ఏమన్నరు.

పల్నాటి_పులిహోర:
అందరికీ చాలా థాంక్స్. జూ మంగళవారం సెలవని తెలీక ఎంత పని చేసేవాణ్ణి. అయితే జూ సోమవారం, కొండ మంగళవారం అని మార్చా. అమ్మకి చెప్తే ఎగిరి గంతేసింది, "మంగళవారం అమ్మవారి దర్శనం, ఆవిడే మార్పించింది" అంటోంది. ఇంకో రెండు డౌట్లు. కొండకి అమ్మని ఎలా తీసుకెళ్ళాలి? బృందావన్ గార్డెన్స్ తప్పకుండా చూడాలా? నాన్న కాలేజీలో ఉన్నప్పుడు ఎక్స్‌కర్షన్‌కి వెళ్ళారట, "అక్కడ డ్యామ్ మీద నడిచాం" అని చెప్తున్నారు.

మాజీ_ట్రైనీ:
కొండకి మెట్లు వెయ్యికి పైనే, కానీ ఆ మెట్ల సంగతి అమ్మకి అక్కర్లేదు, పై దాకా రోడ్డుంది. సిటీ బస్టాండ్ నుంచి 201 నంబరు బస్సు గుడి దగ్గరే దింపుతుంది. మంగళ, శుక్రవారాలు రద్దీ ఎక్కువ కాబట్టి పొద్దున్నే వెళ్ళిపోండి. మధ్యాహ్నం దాకా ఉంటే పైన దాసోహ భవనంలో ఉచిత భోజనం ఉంటుంది, అమ్మకి అది ప్రసాదం, మీకు బడ్జెట్, ఇద్దరూ హ్యాపీ. నంది విగ్రహం మెట్లదారిలో సుమారు ఏడొందలో మెట్టు దగ్గర, దొడ్డ దేవరాజ ఒడెయర్ కాలంలో చెక్కించిన ఏకశిల, దానికి వేరే రోడ్డుంది, క్యాబ్ అయితే దిగేటప్పుడు ఆగొచ్చు, బస్సయితే మిస్సవుతారు.

బృందావన్ మీద నాది చేదు అభిప్రాయం, వేరేవాళ్ళు తిడతారేమో. ఊరికి ఇరవై కిలోమీటర్లు, మ్యూజికల్ ఫౌంటెన్ చీకటి పడితే గానీ మొదలవ్వదు, లోపల మెట్లూ దిగుళ్ళూ ఎక్కువ, అది అయ్యాక జనమంతా ఒకేసారి బయటికి, ఆ టైములో ఆటోవాడు ఎంతంటే అంత. డ్యామ్ మీద నడవడం ఇప్పుడు కుదరదు, సెక్యూరిటీ వల్ల ఎప్పుడో ఆపేశారు, నాన్నగారికి ముందే చెప్పండి, అక్కడికెళ్ళాక చెప్తే బాధపడతారు.

హిందూపురం_పిల్లోడు:
బృందావన్‌ని అంత తీసిపారేయొద్దు సోదరా, పిల్లోల్లకి ఆ రంగు నీళ్ళు చూస్తే భలే సంబరం. కానీ మోకాళ్ళ నొప్పులంటే నువ్ చెప్పిందే కరెక్టు.

దాని బదులు శ్రీరంగపట్టణం పోండన్నా, 15, 16 కిలోమీటర్లు ఉంటాది. రంగనాథస్వామి గుడి, టిప్పు దరియా దౌలత్ బాగ్. ఆ గోడల మీద బొమ్మలు చూడల్ల, 1780ల్లో కట్టిన టేకు చెక్క ప్యాలెస్, పడమటి గోడ నిండా యుద్ధం, ఇంగ్లీషోళ్ళు ఓడిపోతా ఉండే బొమ్మ. దాని టికెట్ ఫోన్లో క్యూఆర్ స్కాన్ చేసి తీసుకుంటే కౌంటర్ కంటే ఐదు రూపాయలు తక్కువ, లైను కూడా తప్పుతాది. పక్కనే రంగనతిట్టు పక్షులు, బోటింగ్ ఉంటాది, ఓపికుంటే పోండి. ఆ ఒక్క రోజుకి మాత్రం క్యాబ్ మాట్లాడుకోండి, కొండ, నంది, శ్రీరంగపట్టణం మూడూ ఒకే బండిలో అయిపోతాయి, సాయంత్రం స్టేషన్‌లో దింపించుకోండి. లగేజీ లాడ్జిలోనే రిసెప్షన్‌లో పెట్టుకోనిస్తారు, అడగల్ల అంతే.

చెన్నై_చిట్టెమ్మ:
మీరు దత్తపీఠం సంగతి ఎవరూ చెప్పలేదేంటి! నంజనగూడు రోడ్డులో గణపతి సచ్చిదానంద స్వామి ఆశ్రమం, అక్కడ అడుగడుక్కీ తెలుగే వినిపిస్తుంది, పెద్దవాళ్ళకి ఊరికెళ్ళినట్టుంటుంది. లోపల శుకవనం అని చిలకల పార్కు, 2017లో గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది, 468 రకాల పక్షులు. పక్కన బోన్సాయ్ తోట. మా నాన్నగారు ప్యాలెస్ కంటే అక్కడే ఎక్కువసేపు కూర్చున్నారు. మేము చెన్నై నుంచి ఏటా వెళ్తాం కాబట్టి చెప్తున్నా, టైములు మాత్రం ముందు కనుక్కుని వెళ్ళండి.

పల్నాటి_పులిహోర:
వెళ్ళొచ్చాం! రిపోర్టు ఇస్తానన్నా కదా, ఆఫీసులో బిల్డ్ ఆగిపోయింది, ఈలోపు రాసేస్తున్నా.

ఆదివారం ట్రైన్లో నాన్న కిటికీ పక్కన కూర్చుని ప్రతి స్టేషన్ బోర్డూ కన్నడంలో కూడబలుక్కుని చదువుతూ వచ్చారు, "మన అక్షరాలేరా, తలకట్లే కాస్త వేరు" అని పాపకి పాఠం. మండ్య దాటేసరికి పాప కూడా రెండు మూడు అక్షరాలు గుర్తుపట్టేసింది. మద్దూరు వడ అమ్మ తినదేమో అనుకున్నా, సగం తిని "ఇందులో జీలకర్ర వేస్తే బాగుండేది" అంది, అంటే నచ్చిందని అర్థం.

గాంధీ స్క్వేర్ దగ్గర రెండు రూములు, ఒక్కోటి రాత్రికి 1,700. ఆన్‌లైన్‌లో 2,100 చూపించింది, నేరుగా వెళ్ళి రెండు రూములు రెండు రాత్రులు అనేసరికి తగ్గించాడు. గీజరు పొద్దున ఎనిమిది దాకానే అన్న సంగతి మాత్రం డబ్బు కట్టాక చెప్పాడు. సోమవారం నేను చన్నీళ్ళే.

సాయంత్రం లైట్లు. ఆరున్నరకే వెళ్ళి కూర్చున్నాం. చీకట్లో ప్యాలెస్ నల్లగా ఒక కొండలా ఉంది. అమ్మ చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుని మోకాలు రాసుకుంటూ "ఎప్పుడు వేస్తారో ఏంటో, పాపకి నిద్రొస్తోంది" అంటోంది, నిద్రొచ్చేది ఆవిడకే. అంతలో ఒక్కసారిగా మొత్తం వెలిగిపోయింది. చుట్టూ ఉన్న జనమంతా ఓ అని అరిచారు. అమ్మ చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది. కాసేపటికి "కరెంటు బిల్లు ఎవరు కడతార్రా దీనికి" అంది 😂 ఫోటో తియ్యమంటే నాన్న ఫోన్ అడ్డంగా పట్టుకుని వీడియో తీశారు, అందులో పది నిమిషాలు ముందాయన తలకాయే ఉంది.

సోమవారం జూ. పెందలాడే వెళ్ళి మంచి పని చేశాం, ఎండెక్కాక నడవలేం. అమ్మనీ నాన్ననీ బ్యాటరీ బండిలో కూర్చోపెట్టాం, మేము ముగ్గురం నడిచాం. ఇక్కడ గొరిల్లాలున్నాయి, జర్మనీ నుంచి 2021లో తెచ్చిన అన్నదమ్ములట, పేర్లు థాబో, డెంబా. మన దేశంలో గొరిల్లా ఉన్న జూ ఇదొక్కటే అని బోర్డు చూసి చెప్తే పాప అక్కణ్ణుంచి కదల్లేదు. ఒక గొరిల్లా మాకు వీపు చూపించి కూర్చుని కొమ్మకున్న ఆకులు ఒక్కోటీ తుంచి తింటోంది, తీరిగ్గా, గోంగూర వలిచినట్టు. ఈ పోలిక మా అమ్మదే.

మధ్యాహ్నం ఆర్ఆర్ఆర్. నాన్న పప్పు రెండోసారి అడిగారు, ఆకు మడిచాక ఆయన మొహం చూస్తే చాలనిపించింది. కోడలుగారి టెక్నిక్ వాడా, చేయి కడుక్కోవడానికి లేచి బిల్లు కట్టేశా. కానీ పాప గట్టిగా "నాన్నా ఐదొందల నోట్లు ఎన్నిచ్చావ్" అని హాలంతా వినిపించేలా అడిగింది. రాత్రి అమ్మ "ఆకలిగా లేదు, అరటిపండు చాలు" అంది. చూశారా.

సాయంత్రం దేవరాజ మార్కెట్. ఇక్కడ మా ఆవిడా అమ్మా ఒక పార్టీ అయిపోయారు. కుంకుమ గోపురాల్లా పోసి ఉంది, మైసూరు మల్లెలు మూరల లెక్కన, ఆ వాసనకి అమ్మ మోకాళ్ళ నొప్పి మాయం, గంటన్నర తిరిగింది. నంజనగూడు రసబాళె అని చిన్న అరటిపళ్ళు నాన్న కొన్నారు, ధర చూస్తే యాపిల్ రేటు, "ఇవి మా నాన్న చెప్పేవాడు" అన్నారు, ఇంకేమంటాం. బయటే గురు స్వీట్ మార్ట్‌లో మైసూర్ పాక్, ప్యాలెస్ వంటవాడు కాకాసుర మాదప్ప వంశం వాళ్ళదేనట, పాక్ కనిపెట్టింది ఆయనే అని చెప్తారు. చిన్న షాపు, నిలబడి కొనుక్కోవడమే.

ఫ్రేజర్‌టౌన్ కోడలుగారూ, మీ తెనాలి చిన్నమ్మ గల ఆయన మాకూ తగిలాడు! మనిషి వేరేమో గానీ డైలాగు అదే. మాకు చిన్నమ్మ కాదు, నరసరావుపేటలో బావమరిది. "ఏ వీధి" అని నాన్న అడిగారు. "మెయిన్ రోడ్డు" అన్నాడు. "మెయిన్ రోడ్డులో ఎక్కడ, కోటప్పకొండ వైపా స్టేషన్ వైపా" అని నాన్న మొదలుపెట్టేసరికి ఆయనకే ఏదో పని గుర్తొచ్చింది.

మంగళవారం క్యాబ్ 2,600. కొండ మీద క్యూ గంటన్నర, అమ్మ ఒక్క మాట అనలేదు, మెట్లెక్కేటప్పుడు వచ్చే నొప్పి లైన్లో నిలబడితే రాదట, నాకు మెడికల్‌గా అర్థం కాలేదు. దాసోహలో భోజనానికి ఆగలేదు, టైం సరిపోలేదు. శ్రీరంగపట్టణంలో గుడి, దరియా దౌలత్ అయ్యేసరికే అందరి బ్యాటరీ డౌన్, రంగనతిట్టు వదిలేశాం, దత్తపీఠం కూడా. బృందావన్ పేరెత్తలేదు, నాన్న కూడా ఎత్తలేదు.

లెక్క: రూములు 6,800, తిండి 4,100, క్యాబ్ 2,600, ఆటోలు 1,100, టికెట్లు 1,900, ట్రైన్ 1,000, మెట్రో 350. మొత్తం 17,850. మార్కెట్, మైసూర్ పాక్ కలిపి 1,600. 550 మిగిలింది, అది నాన్న పాప చేతిలో పెట్టించారు, అంటే పోయినట్టే.

ఒక చిన్న ప్రశ్న, మైసూర్ పాక్ కిలో తెచ్చాం, అమ్మ ఊరికి తీసుకెళ్ళి అందరికీ పంచాలంటోంది, వాళ్ళు వెళ్ళేది ఇంకా పన్నెండు రోజులకి. ఉంటుందా?

ఓరుగల్లు_బిడ్డ:
పాకు పాడయితదో కాదో గని ఇంట్ల ఏడేండ్ల పిల్ల ఉన్నంక పన్నెండు రోజులు ఉంటదా అన్నా.

ఫ్రేజర్‌టౌన్_కోడలు:
స్టీలు డబ్బాలో మూత గట్టిగా పెట్టి బయటే ఉంచండి, ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి గడ్డకట్టి రాయైపోతుంది. ఓ వారం పైకి నేనెప్పుడూ ఉంచలేదు, ఇప్పుడున్నది మీరే తినేసి, వాళ్ళు బయల్దేరే ముందు ఎవరైనా మైసూరు నుంచి వచ్చేవాళ్ళకి చెప్పి తాజాగా తెప్పించండి. మా పక్కింటి వాళ్ళు వచ్చే శనివారం వెళ్తున్నారు, కావాలంటే మెసేజ్ పెట్టండి, రేటు మాత్రం అమ్మగారికి చెప్పకండి.